గెలిస్తే కుడికి, ఓడితే ఎడమకు

ప్రొద్దుటూరులో జమ్మలమడుగు రోడ్డు పక్కన పాల ప్యాకెట్ల ఆటో కంటే ముందే నిద్రలేచేది గులాబ్‌బీ బొరుగుల బట్టీ. ముందు ఊక వేసి ముట్టిస్తుంది. మంట అందుకున్నాక శనక్కాయ పొట్టు ఎగదోస్తుంది. బాణలిలో ఇసుక బాగా కాగేదాకా ఆగి, ఉప్పునీళ్ళు పట్టించి ఆరబెట్టిన బియ్యం అందులో పోస్తుంది. నాలుగు తిప్పులు తిప్పేసరికి బియ్యం తెల్లగా పొంగి బాణలి నిండుతుంది. జల్లెడ పట్టి ఇసుక దించేసి బొరుగులను గోతంలోకి వంచుతుంది. ఈ పనంతా ఆమె చేతులు వాటంతట అవే చేసుకుపోతాయి. నోరు మాత్రం ఎదురుగా స్టూలు మీద నిలబెట్టిన ఫోనులోని ఆటగాళ్ళను తిడుతుంటుంది.

"సూడు వాని సోకు! బంతి కాలికాడికొచ్చినా జుట్టు సవరించుకుంటాండాడు. నువ్వు ఆడేదానికొచ్చినావా, పెండ్లిసూపులకొచ్చినావా?"

ప్రొద్దుటూరులో క్రికెట్ గురించి మాట్లాడని మనిషి కావాలంటే కాటికి పోయి వెతకాలి. టీ కొట్టులో అదే మాట, బంగారు అంగళ్ళలో అదే మాట, బ్యాంకు వరసలో అదే మాట. అలాంటి ఊళ్ళో యాభై ఐదేళ్ళ గులాబ్‌బీ ఒక్కతే ఫుట్‌బాల్ మనిషి. అది కూడా లోకంలోని ఫుట్‌బాల్ అంతా కాదు, కువైట్‌లో ఆడే అల్ బూమ్ అనే ఒకే ఒక్క జట్టు. బూమ్ అంటే అక్కడి తెరచాప పడవ. వాళ్ళ తెల్ల చొక్కాల మీద ఆ పడవ బొమ్మే ఉంటుంది. మిగతా జట్లన్నీ ఆమె లెక్కలో ఆ పడవకు అడ్డం వచ్చే బండరాళ్ళు.

పొద్దున్నే డ్యూటీకి పోతూ బొరుగుల కోసం ఆగే కరెంటు లైన్‌మన్ నబీ రసూల్‌కు ఈ సంగతి తెలుసు. తెలిసే కదిలించేవాడు.

"ఏం పెద్దమ్మా, నిన్న మీవోళ్ళు ఓడిపోయినారంటనే?"

"ఓడిపోలేదప్పా, ఆ కోచ్ ఓడగొట్టినాడు. ఒక గోలు పడింది. పడినాక ఏం చేయల్ల? రెండోది కొట్టల్ల. ఈయన అందర్నీ ఎనక్కి పిలిచి గోలు ముందర గోడ కట్టినట్టు నిలబెట్టినాడు. ఉండేది కాపాడుకుంటే సాలనుకునేటోడు తోటకావిలికి పనికొస్తాడు గానీ ఆటకు పనికిరాడు."

"గోలీ గూడా ముసిలోడైపోయినాడంటాండారే?"

"ఎవురన్నారు? పిలువు వాణ్ణి ఈడికి! హమద్‌కు కాళ్ళు నిదానమైనాయి, కండ్లు నిదానం కాలేదు. తన్నేటోని నడుము సూసి బంతి యాడికొస్తాదో చెప్తాడు. ఇంగ ఎడమపక్క ఆడేదానికి జాసిమ్ అని పిల్లోడుండాడు, చిరుతపులి. వాణ్ణి బెంచీమీద కూసోబెట్టి వొడియం మాదిరి ఎండబెడతాండారు. నా మాట వినింటే కప్పు మూడేండ్ల ముందరే వచ్చింటాది."

ఈ మాటలు ఆమె కువైట్ నుంచి తెచ్చుకున్నవి. మొగుడు పోయిన ఏడాదికి, కొడుకు కలీంను తల్లి దగ్గర వదిలి, ఇంటిపనికని అక్కడికి పోయింది. ఆ దేశంలో యజమానురాలిని మామా అంటారు. మన కడప జిల్లాలో మామకు మీసాలుంటాయి, అక్కడ మామకు గాజులుంటాయి, అంతే తేడా. ఆ ఇంటి యజమానురాలి తల్లిని గులాబ్‌బీ పెద్ద మామా అని పిలిచేది. ముసలావిడకు మోకాళ్ళు పనిచేయవు, అల్ బూమ్ తప్ప వేరే ధ్యాస లేదు. ఆట ఉన్న రోజు గులాబ్‌బీని పక్కన తివాచీ మీద కూర్చోబెట్టుకుని, ఖర్జూరాలు తినిపిస్తూ, ఎవడు పనికొస్తాడో ఎవడు పనికిరాడో వివరంగా చెప్పేది. మొదట్లో అరబ్బీ అర్థం కాక తల ఊపేది గులాబ్‌బీ. తర్వాత అర్థమై ఎదురు వాదించేది. పన్నెండేళ్ళు అట్లా గడిచాయి. తిరిగొచ్చిన రోజు కలీం అమ్మమ్మ వెనక నక్కి, "కువైటామె వచ్చింది" అన్నాడు. తల్లి అని తెలిసీ నోట ఆ మాటే వచ్చింది వాడికి. ఇప్పుడు వాడు ఎర్రగుంట్ల సిమెంటు లారీ తోలుకుంటూ, అమ్మ అంటే ప్రాణం పెడతాడు. అయినా ఆ మాట గుర్తొస్తే గులాబ్‌బీకి ఇప్పటికీ కళ్ళు నిండుతాయి.

ఆ సంపాదనతోనే నాలుగు సెంట్ల జాగా నడుమ ఈ ఇల్లు కట్టింది. ముందుగది, పడకగది, పక్కవైపున బట్టీగది. ఇంట్లో చేరిన వారానికి అల్ బూమ్ గెలిచింది. ఆట అయిపోయినట్టు రెఫరీ ఈల ఊదగానే ఇల్లు గరగరమని కుడివైపుకు ఒక జానెడు తిరిగింది. తర్వాతి వారం ఓడారు. ఇల్లు ఎడమకు జానెడు తిరిగి మళ్ళీ మొదటి చోటికి వచ్చింది. సమానంగా ఆడిన రోజు కదల్లేదు. కప్పు ఫైనల్ అయితే మాత్రం జానెడుతో సరిపెట్టుకోదు, ఏకంగా మంచం పొడవు తిరుగుతుంది. ఒకసారి ఫైనల్ ఓడి, ఇంకోసారి గెలిచి, రెండు దిక్కులకూ తిరిగి చూపించింది.

దానికి తగ్గట్టు వీధి కూడా సర్దుకుంది. నబీ రసూల్ స్తంభం నుంచి ఇంటికి వచ్చే వైరును రెండు మూరలు వదులుగా కట్టాడు. కుళాయికి ఇనుప గొట్టం తీసేసి రబ్బరు పైపు పెట్టారు. నమాజుకు పడమర దిక్కు ప్రతి ఆట తర్వాతా మారిపోతుంది కాబట్టి, పక్కింటి ఆదినారాయణ తన వాస్తు దిక్సూచి పట్టుకుని వచ్చి నేల మీద సుద్దగీత గీసి పోయేవాడు. పొలాలు కౌలుకిచ్చి వాస్తు మీద పడ్డ మనిషి ఆయన. ప్రొద్దుటూరులో సగం ఇళ్ళ వాకిళ్ళు ఆయన మాట మీదే పగలగొట్టి మళ్ళీ కట్టారు. ఈ ఒక్క ఇల్లే ఆయన చెప్పకుండా తిరుగుతుందని కొంచెం బాధ.

ఇల్లు కట్టినప్పుడు వాకిలి తిన్నగా రోడ్డుకే ఉండేది. ఈ ఏళ్ళలో అల్ బూమ్ ఓటముల కంటే గెలుపులు ఎక్కువ కాబట్టి వాకిలి కుడికి జరుగుతూ జరుగుతూ పోయింది. ఇప్పుడు ఇంటి మూల ఒకటి ముక్కు మాదిరి రోడ్డు వైపు పొడుచుకొచ్చి ఉంది. మూలకు కుడిపక్క గోడలో వాకిలి, అది ఆదినారాయణ పత్తి గోడౌను వైపు ఓరగా చూస్తుంటుంది. ఎడమపక్క గోడలో బట్టీగది, గోతాలు బండికెత్తడానికి దానికొక వెడల్పాటి రేకు తలుపు. అది ఖాళీ ప్లాటులోని ముళ్ళకంపల వైపు ఉంటుంది. గోతాలు ఎత్తుకుని టోకు బేరగాళ్ళే పోయేవాళ్ళు కాబట్టి ఇల్లు ఎటు చూస్తే ఏమని ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు.

చిక్కంతా మిషన్ బొరుగులతో వచ్చింది. లారీలకు లారీలు దిగుతున్నాయి. బ్రహ్మంగారిమఠం అంగళ్ళవాళ్ళు తప్ప పాత బేరగాళ్ళంతా ఒక్కొక్కరే మానుకున్నారు. కలీం సంపాదన ఇల్లు గడవడానికే చాలడం లేదు. అప్పుడు కోడలు ఆర్షియా ఎవరికీ చెప్పకుండా పులివెందులలో ఉన్న ఏజెంటును కలిసి వచ్చింది. కువైట్‌లో ఇంటిపని. వీసా వచ్చింది. వచ్చే శుక్రవారం జీపు వచ్చి చెన్నై ఎయిర్‌పోర్టుకు తీసుకుపోతుంది. కూతురు ముస్కాన్‌కు నాలుగేళ్ళు.

ఆ మాట విన్న రోజు గులాబ్‌బీ బట్టీ ముందు కూర్చుని ఒక బాణలి బియ్యం మాడబెట్టింది. ఆమె చేతిలో బియ్యం మాడటం వీధిలో ఎవరూ చూడలేదు.

"పోకుండా ఉండేదానికి ఏదన్నా దావ ఉంటే చెప్పు అత్తా, నేను మాత్రం సంబరంగా పోతాండానా?" అంది ఆర్షియా. "ముందుగదిలో మన బొరుగులతో ఉగ్గాని హోటల్ పెడితే నేను నడుపుతా. ఉగ్గాని, బజ్జీ, టీ. కానీ ఎవురొస్తారు? మన వాకిలి ఆదినారాయణ మామ గోడను సూస్తాంది."

అక్కడే ఉన్న ఆదినారాయణకు ప్రాణం లేచొచ్చింది. దిక్సూచి తీశాడు, టేపు తీశాడు, కడ్డీతో నేల మీద గీతలు గీశాడు.

"ఆదివారం మీ టీముది కప్పు ఫైనలే కదా గులాబమ్మా? ఓడిపోతే ఇల్లు మంచం పొడుగు ఎడమకు తిరుగుతాది. వాకిలి కచ్చితంగా తూర్పుకు, రోడ్డుకు వచ్చి కూసుంటాది. తూర్పు సింహద్వారం! ఇంగ హోటల్ ఆగుతాదా? అదే గెలిచినారనుకో, వాకిలి పోయి మా గోడౌను గోడకు ముక్కు రాసుకుంటాది. గాలి గూడా రాదు."

"వాళ్ళు గెలిచేది యాడలే" అన్నాడు నబీ రసూల్. "అవతలోళ్ళు ఎర్రచొక్కాలోళ్ళు. ఈ ఏడంతా ఒక్క ఆటా ఓడలేదు."

అట్లా నిర్ణయం అయిపోయింది. వాకిలి రోడ్డుకు వస్తే ఆర్షియా ఉంటుంది, హోటల్ పెడుతుంది. రాకపోతే శుక్రవారం జీపు ఎక్కుతుంది. అంతవరకూ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేదని మాత్రమే తెలిసిన వీధి, ఆ వారమంతా ఫుట్‌బాల్ తప్ప మాట్లాడలేదు. ఆ జుట్టు సవరించుకునేవాణ్ణి తప్పకుండా ఆడించాలని, ఆ కోచ్ బంగారంలాంటి మనిషని, జాసిమ్‌ను పొరపాటున కూడా బెంచీ దించకూడదని పెద్దపెద్దవాళ్ళు తీర్మానించారు. ఆదినారాయణ భార్య ఈశ్వరమ్మ గండికి పోయి, అల్ బూమ్ ఓడిపోతే ఆకుపూజ చేయిస్తానని ఆంజనేయస్వామికి మొక్కుకుని వచ్చింది. కువైట్ జట్టు పేరు మరిచిపోతానేమోనని దారి పొడుగునా బూమ్, బూమ్ అనుకుంటూ పోయిందట. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు లేచి వేరే సీటుకు మారారు.

గులాబ్‌బీ ఒక్కతే ఏమీ అనలేదు. మిగతా అన్ని విషయాల్లో ఊరికంతా వినబడేట్టు అభిప్రాయం చెప్పే మనిషి అట్లా నోరు కట్టుకుని కూర్చుంటే ఆర్షియాకు అనుమానం వచ్చింది. శనివారం మధ్యాహ్నం గోతాలకు మూతి కుడుతూ అడిగేసింది.

"అత్తా, నిజం చెప్పు. రేపు మీవోళ్ళు ఓడిపోవాలని నీకుండాదా, లేదా?"

గులాబ్‌బీ దబ్బనం కింద పెట్టింది. "లేదు" అంది.

"లేదా?"

"లేదే. నీకు అబద్ధం చెప్పలేను."

"నేను పోతే ముస్కాన్ నిన్నే అమ్మా అంటాది. నన్ను కువైటామె అంటాది. నీకు తెలవదా అది? ఇంటోళ్ళకంటే ఆ టీమెక్కువైందా నీకు?"

మాట తగలాల్సిన చోటే తగిలింది. గులాబ్‌బీ కుట్టిన గోతాన్ని పక్కకు జరిపింది.

"వారంలో ఆరు దినాలు ఆ ఇంట్లో గిన్నెలు తోముకుంటా ఏడ్సినా నేను" అంది. "ఏడో దినం పెద్ద మామా పక్కన కూసోని బూమ్ ఆట సూసినా. ఆ పూట అరిసినా, నవ్వినా, కొట్లాడినా. ఆ పూటే నేను మనిషిని. వాళ్ళు లేకుంటే నేను మతి పోయి వచ్చిందును. ఇప్పుడు ఓడిపోండ్రా అని ఏ నోటితో అడగల్ల? నీ కోసం అడిగి సూసినా ఆర్షియా. నిన్న నమాజులో చేతులెత్తి అడగబోయినా. మాట రాలే."

"అయితే నేను సూట్‌కేసు సర్దుకుంటా."

"సర్దుకో. అయితే ఒకటి చెప్తా విను. బూమ్ గెలిస్తే ఈ ఇంటికి చెడ్డ కాదు. ఎట్ల అని అడగొద్దు, నాకూ తెలవదు. కాదంటే కాదంతే."

ఆర్షియా గోతం అక్కడే పడేసి లోపలికి పోయింది. 

ఆదివారం సాయంత్రం ఐదింటికి ఆట. ఫోను చాలదని ఆదినారాయణ ఇంటి టీవీ మోసుకొచ్చి వాకిట్లో బెంచీ మీద పెట్టారు. వీధంతా చాపలేసుకుని కూర్చుంది. వ్యాఖ్యానం అరబ్బీలో ఉంది కాబట్టి గులాబ్‌బీని ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. అందరూ ఓడాలని కోరుకునే చోట గెలవాలని కోరుకునే మనిషే తెలుగు చేసి చెప్పాల్సి వచ్చింది.

ఇరవై నిమిషాలకు అల్ బూమ్ గోలు కొట్టింది. వీధి ఉసూరుమంది. వెంటనే కోచ్ లేచి రెండు చేతులతో అందరినీ వెనక్కి పిలిచాడు.

"సూసినారా, సూసినారా! మళ్ళీ కావిలికి పోయినాడు!" గులాబ్‌బీ కుర్చీలోంచి లేచింది. "పొండ్రా ముందుకు! ఒక గోలుకే బతుకంతా గడుస్తాదా?"

గడవలేదు. రెండో సగంలో ఎర్రచొక్కాలవాళ్ళు సమం చేశారు. ఈశ్వరమ్మ గండి దిక్కుకు దండం పెట్టింది. ఇంకాసేపటికి అల్ బూమ్ ఎడమపక్క ఆటగాడికి కాలు పట్టేసి కుంటుకుంటూ బయటికి పోయాడు. వేరే గతి లేక కోచ్ బెంచీ మీదున్న జాసిమ్‌ను దించాడు. గులాబ్‌బీ ఎవరివైపూ చూడలేదు గానీ ఆమె వీపు కూడా గర్వంగానే ఉంది.

ఐదు నిమిషాలు మిగిలి ఉండగా అల్ బూమ్ గోలు ముందు ఎవడో ఎవడినో పడదోశాడు. రెఫరీ ఎర్రచొక్కాలవాళ్ళకు పెనాల్టీ ఇచ్చాడు.

"అంటే ఏందక్కా?" అంది ఈశ్వరమ్మ.

"అంటే గోలీ ఒక్కడే నిలబడల్ల. వాళ్ళు ఎదురుగా నిలబడి తన్నుతారు. మామూలుగా గోలే" అంది గులాబ్‌బీ.

వీధంతా చప్పట్లు కొట్టింది. ఆర్షియా చప్పట్లు కొట్టలేదు. ముస్కాన్‌ను ఒడిలో పెట్టుకుని, రెండు చేతులూ పిల్ల చుట్టూ బిగించి, టీవీ వంక చూస్తోంది. గులాబ్‌బీ ఆ చేతులు చూసింది. కలీంను వదిలిపెట్టి పోయిన పొద్దు తన చేతులు కూడా అట్లాగే ఉన్నాయి. పోనీలే, పడనీ, ఒక్క గోలే కదా, అనుకుంది. గట్టిగా అనుకుంది. హమద్ మన్నిస్తాడు, పెద్ద మామా ఏ లోకంలో ఉన్నా మన్నిస్తుంది.

టీవీలో హమద్ ముఖం పెద్దగా చూపించారు. గడ్డం నెరిసింది. కళ్ళు మాత్రం తన్నేవాడి నడుము మీదే ఉన్నాయి. ఆ ముఖం చూశాక గులాబ్‌బీ వల్ల కాలేదు.

"హమదూ, కుడికిరా! కుడికి దూకు!" అని ఆమె కేక వేసింది.

హమద్ కుడికే దూకాడు. బంతి అతని అరచేతికి తగిలి కిందపడింది. పడిందే తడవుగా లేచి దాన్ని ఎడమపక్కకు విసిరాడు. అక్కడ జాసిమ్ ఉన్నాడు. ఎర్రచొక్కాలవాళ్ళంతా ఇవతలే ఉండిపోయారు. ఆ పిల్లోడు మైదానం ఆ చివరిదాకా ఒంటరిగా పరుగెత్తి, బంతిని నెమ్మదిగా, మర్యాదగా గోలులోకి నెట్టాడు.

మిగిలిన నిమిషాలు కూడా గడిచి, ఆట అయిపోయినట్టు ఈల ఊదారు. అల్ బూమ్ కప్పు గెలిచింది.

ఇల్లు ఒకసారి గుటక వేసినట్టు కదిలింది. గరగరమంటూ కుడికి తిరగడం మొదలుపెట్టింది. లోపల గిన్నెలు దొర్లాయి. వదులుగా కట్టిన వైరు బిగుసుకుంది. వాకిలి జనం ముందు నుంచి మెల్లగా జరుగుతూ పోయి, ఆదినారాయణ గోడౌను గోడకు ఎదురుగా, మనిషి పక్కకు తిరిగి నడవాల్సినంత సందులో ఆగింది. ఆదినారాయణ టేపు తీయలేదు. నబీ రసూల్ టీవీ వైరు చుట్టుకున్నాడు. అందరూ చాపలు దులుపుకుని ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు.

"సంతోషమేనా అత్తా?" అంది ఆర్షియా. కోపంగా కూడా అనలేదు. పిల్లను భుజాన వేసుకుని ఆ ఇరుకు సందులోంచి లోపలికి పోయింది. కాసేపటికి సూట్‌కేసు జిప్పు లాగిన చప్పుడు వినిపించింది.

గులాబ్‌బీ సంతోషంగానే ఉంది, దుఃఖంగానూ ఉంది. రెండూ ఒకటినొకటి తగ్గించుకోలేదు. కేక వేసింది తనే. కువైట్‌లో ఉన్నవాడికి ఆ కేక వినబడదని తెలుసు. అయినా వేసింది తనే కదా అనుకుంటూ పడుకుంది.

పొద్దున మఠం అంగళ్ళ సరుకు పంపాల్సి ఉంది. దుఃఖమని పని ఆగదు. ఎప్పటిలాగే చీకటితోనే లేచి బట్టీ ముట్టించింది. ఇసుక కాగింది. బియ్యం పోసింది. గది పొగతో నిండితే, కళ్ళు నలుపుకుంటూ పోయి, ముళ్ళకంపల వైపు తెరుచుకునే వెడల్పాటి రేకు తలుపును బార్లా తోసింది.

ముళ్ళకంపలు లేవు. ఎదురుగా రోడ్డుంది. రోడ్డు మీద స్పీడ్‌బ్రేకర్ దగ్గర జమ్మలమడుగు బస్సు నిదానించి ఉంది. బస్సు కిటికీల నిండా నిద్రమొహాలు. పొగతో పాటు వేడి బొరుగుల కమ్మటి వాసన గుప్పున పోయి వాళ్ళ మొహాలకు తగిలింది. ఒక్కొక్కరే కళ్ళు తెరిచారు.

"ఏమ్మా! వేడిగుండాయా బొరుగులు?" కిటికీలోంచి ఎవరో అరిచారు. డ్రైవరు ఇంజను ఆపేశాడు.

గులాబ్‌బీ జల్లెడ పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఇల్లు కుడికి తిరిగితే వాకిలి గోడౌనుకు పోతుందని అందరూ కొలిచారు. ఎడమపక్కనున్న గోడ ఎక్కడికి వస్తుందో ఎవరూ కొలవలేదు. ఆదినారాయణ దిక్సూచికి సింహద్వారం తప్ప వేరే తలుపు కనిపించదు. ఆమె కూడా ఎట్లనో తనకే తెలియకుండా గెలుపును నమ్మిందే తప్ప, ఈ తలుపు సంగతి ఆలోచించలేదు.

"ఆర్షియా!" అని ఇల్లదిరేట్టు పిలిచింది. "ఎర్రగడ్డలు కొయ్యి! పచ్చిమిరపకాయలు దా! నిమ్మకాయలుండాయా సూడు!"

ఆర్షియా ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది. రోడ్డును చూసింది, ఆగిన బస్సును చూసింది, దిగి వస్తున్న మనుషులను చూసింది. అత్త ముఖం వంక కూడా చూసింది గానీ చూస్తూ నిలబడటానికి తీరిక లేదు. కొంగు బిగించి కత్తిపీట ముందు కూర్చుంది. బస్సు ఆరోజు ఎంత ఆలస్యంగా పోయిందో డ్రైవరే డిపోలో చెప్పుకోవాలి.

మంగళవారానికి పులివెందుల బస్సులు కూడా ఆగడం నేర్చుకున్నాయి. కళ్ళముందు ఇసుకలో పొంగిన బొరుగులను అక్కడికక్కడే నానబెట్టి, పిండి, ఎర్రగడ్డలూ పప్పులపొడీ వేసి ఉగ్గాని తిప్పుతుంటే మిషన్ బొరుగుల మాట ఎవరెత్తుతారు? ముస్కాన్ తల్లి కొంగు పట్టుకుని, వచ్చినవాళ్ళ ఆకుల్లో తలా ఒక మిరపకాయ బజ్జీ పెట్టే ఉద్యోగం తీసుకుంది. కలీం లారీ ఆపుకుని వచ్చి బెంచీలు వేశాడు. ఈశ్వరమ్మ గండికి పోయి, మొక్కింది ఒకటి జరిగింది ఒకటి అయినా పని జరిగింది కాబట్టి, ఆకుపూజ చేయించి వచ్చింది.

ఆదినారాయణకే మనసు ఊరుకోలేదు. గురువారం ఉగ్గాని తింటూ అడిగాడు.

"వచ్చే ఏడు మళ్ళీ ఆటలు మొదలైతే ఇల్లు తిరుగుతాదే గులాబమ్మా, అప్పుడెట్ల?"

"ఓడినారనుకో, మెల్లగా వాకిలే రోడ్డుకొస్తాది. గెలిచినారనుకో, నీ గోడౌను ముందు గది నాకు బాడిక్కిస్తువులే, ఈడనుంచి ఆడికి జరుగుతాం. ఇప్పుడు నువ్వాలోచించాల్సింది అది కాదన్నా. ఆ కోచ్‌ను పంపించేసి హమద్‌నే కోచ్‌గా పెట్టల్లనా, వద్దా? నన్నడిగితే పెట్టల్ల."

"పెట్టల్ల" అన్నాడు ఆదినారాయణ. తనకు ఈ విషయంలో ఒక అభిప్రాయం ఉందని అప్పుడే ఆయనకూ తెలిసింది.

శుక్రవారం పొద్దున జీపు వచ్చింది. ఒక పక్క జమ్మలమడుగు బస్సు, ఇంకో పక్క రెండు సిమెంటు లారీలు ఆగి ఉండటంతో దానికి చోటు దొరకలేదు. దూరంగా నిలిపి, డ్రైవరు చేతిలో కాగితం పట్టుకుని మనుషులను తోసుకుంటూ బట్టీ తలుపు దాకా వచ్చాడు. లోపల పొయ్యి పక్కన, మోచేతుల దాకా పిండిన బొరుగులతో, చెమటతో మెరుస్తూ ఒకామె నిలబడి ఉంది. ఆమె వెనక గులాబ్‌బీ ఇసుక తిప్పడం ఆపేసింది.

"అమ్మా, ఆర్షియా అంటే ఎవురు? కువైట్‌కు పోయేదానికి జీపొచ్చిందని చెప్పల్ల" అన్నాడు డ్రైవరు.

ఆర్షియా అతని చేతిలోని కాగితం వంక ఒకసారి, తన కొంగు పట్టుకుని నిలబడ్డ పిల్ల వంక ఒకసారి చూసింది. తర్వాత ఆకు తీసి దులిపింది.

"నేనే అన్నా" అంది. "ఈడ తింటావా, పార్సిలా?"